బండీ మంచిదే, పట్టాలూ మంచివే!

రైలుపెట్టె కొత్తది. దాని చక్రాలలో ఏ లోపమూ లేదు. పట్టాలు గట్టివి, తిన్నగా వేసినవి. ఇంజనుకు కావలసినంత బలం ఉంది. అయినా ఆ పెట్టె ఆ పట్టాల మీద ఒక్క అంగుళం కూడా కదలదు. ఎందుకని?

ఈ పొడుపుకథ మన పాలమూరు పెద్దలకు కొత్తది కాదు. సికింద్రాబాదు నుంచి మహబూబ్‌నగర్, వనపర్తి రోడ్, గద్వాల మీదుగా ద్రోణాచలం పోయే రైలుమార్గం 1990ల దాకా మీటరు గేజి మార్గం. అంటే రెండు పట్టాల మధ్య దూరం 1000 మిల్లీమీటర్లు. దేశంలోని పెద్ద మార్గాలు చాలావరకు బ్రాడ్ గేజివి. వాటి పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. బ్రాడ్ గేజి పెట్టెను మీటరు గేజి పట్టాల మీద నడపడం ఎవరి తరమూ కాదు. రెండు గేజిలు కలిసే చోట సరుకును ఒక బండిలోంచి దించి మరో బండిలోకి ఎక్కించవలసిందే. ప్రయాణికులు మూటాముల్లే పట్టుకుని బండి మారవలసిందే. దేశమంతటా ఒకే గేజి ఉండాలనే పథకాన్ని 1992లో రైల్వేశాఖ చేపట్టింది. ఆ దశాబ్దంలోనే మన మార్గమూ బ్రాడ్ గేజిగా మారింది.

ఇందులో గమనించవలసిన సంగతి ఒకటుంది. పెట్టెను విప్పి ఎంత పరీక్షించినా తప్పు కనబడదు. పట్టాలను ఎంత పరీక్షించినా తప్పు కనబడదు. ఎందుకంటే తప్పు పెట్టెలో లేదు, పట్టాలలోనూ లేదు. ఆ రెండింటికీ జత కుదరలేదు, అంతే!

కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవారికి సరిగ్గా ఇలాంటి చిక్కే తరచుగా ఎదురవుతుంది. ప్రోగ్రాము సరిగానే ఉంటుంది. కంప్యూటరు సరిగానే ఉంటుంది. అయినా తెరనిండా ఎర్రర్లు! ఈ చిక్కు ఎందుకు వస్తుంది? దాన్ని విప్పే పద్ధతి ఏమిటి? తెలుసుకుందాం.

మగ్గం చెప్పే పాఠం

గద్వాల చీర అంచు మీద నేసిన బొమ్మలను మీరు చూసే ఉంటారు. అలాంటి బొమ్మలు నేయడానికి చేనేత మగ్గాల మీద జకార్డు అనే పరికరాన్ని అమరుస్తారు. ఫ్రాన్సు దేశస్థుడు జోసెఫ్ మేరీ జకార్డ్ 1804లో దీన్ని రూపొందించాడు. ఇందులో రంధ్రాలు పొడిచిన అట్టలు వరుసగా తిరుగుతూంటాయి. అట్టలో రంధ్రం ఉన్న చోట హుక్కు పడుగు దారాన్ని పైకి లేపుతుంది. రంధ్రం లేని చోట దారం లేవదు. ఈ అట్టల దండే బొమ్మను నేయిస్తుంది. మరోలా చెప్పాలంటే ఆ దండ మగ్గానికి ఒక ప్రోగ్రాము అన్నమాట.

జకార్డులలో 120 హుక్కులవి ఉన్నాయి, 240 హుక్కులవి ఉన్నాయి. 240 హుక్కుల జకార్డు కోసం పొడిచిన అట్టలను 120 హుక్కుల దానికి తగిలిస్తే ఏమవుతుంది? బొమ్మ రాదు. అట్టలు పొడిచినవారి పనితనంలో లోపం లేదు. జకార్డు పాడైపోలేదు. ఈ అట్టలు ఈ జకార్డువి కావు, అంతే.

కంప్యూటర్లదీ ఇదే కథ. హైదరాబాదులోని ఈసీఐఎల్ సంస్థ 1969లో టీడీసీ-12 అనే కంప్యూటరును తయారు చేసింది. మన దేశంలో తయారైన తొలి కంప్యూటర్లలో అదొకటి. అది ఒకసారికి 12 బిట్ల మాటలతో పనిచేసేది. బిట్ అంటే ఒక సున్నా లేదా ఒక ఒకటి. తరువాత 1970లలో వచ్చిన టీడీసీ-316 మాట పొడవు 16 బిట్లు. రెండూ ఒకే సంస్థ తయారు చేసినవే. అయినా దాని కోసం సున్నాలు, ఒకట్లతో రాసిన ఆదేశాలను నేరుగా దీనిలో నడపడం కుదరదు.

బిల్డ్ అంటే ఏమిటి?

నేటి ప్రోగ్రామర్లు సున్నాలు, ఒకట్లు రాయరు. సీ, జావా, పైథాన్ వంటి భాషలలో రాస్తారు. అలా రాసినదాన్ని మూలప్రోగ్రాము అందాం. దాన్ని యంత్రానికి తగిన రూపంలోకి మార్చే పనిముట్టు పేరు కంపైలర్. ఇక ప్రతిదీ మొదటినుంచీ రాసుకోనక్కరలేదు. వర్గమూలం కనుక్కోవడం, బొమ్మ గీయడం వంటి పనులకు ఇతరులు రాసి ఉంచిన భాగాలు దొరుకుతాయి. ఆ భాగాల సముదాయాన్ని లైబ్రరీ అంటారు. మూలప్రోగ్రామును కంపైలర్‌తో మార్చి, లైబ్రరీలలోని భాగాలను దానికి అతికి, నడిచే ప్రోగ్రాముగా తయారుచేసే పని మొత్తాన్ని బిల్డ్ అంటారు.

అంటే ఒక బిల్డ్ పూర్తి కావాలంటే ఎంతమంది కలిసి రావాలో చూడండి! భాష, కంపైలర్, లైబ్రరీలు, చివరికి దాన్ని నడిపే కంప్యూటరు. వీటిలో ప్రతి ఒక్కదాన్నీ వేరువేరు మనుషులు, వేరువేరు దేశాలలో కూర్చుని, వేరువేరు సమయాల్లో సవరిస్తూంటారు. సవరించినప్పుడల్లా ఒక కొత్త సంఖ్య ఇస్తారు. ఆ సంఖ్యనే వెర్షన్ అంటారు. మన పాఠ్యపుస్తకాలకు ముద్రణ సంవత్సరం ఉన్నట్టే ఇదీను. పాత ముద్రణలో 42వ పేజీలో ఉన్న లెక్క కొత్త ముద్రణలో 42వ పేజీలోనే ఉండాలని ఏముంది? క్లాసులో సగంమంది దగ్గర పాత పుస్తకం, సగంమంది దగ్గర కొత్త పుస్తకం ఉన్నాయనుకోండి. "42వ పేజీ తీయండి" అని మాస్టారు అనగానే గందరగోళం మొదలవుతుంది!

44 కూడితే చాలు

ఈ గందరగోళానికి ఒక చక్కని ఉదాహరణ జావా. జావా కంపైలర్ తయారుచేసే ప్రతి క్లాస్ ఫైలు మొదట్లోనూ గుర్తుకోసం నాలుగు బైట్లు ఉంటాయి. పదహారు ఆధారంగా గల సంఖ్యామానంలో రాస్తే వాటిని 'కేఫ్ బేబ్' అని చదువుకోవచ్చు. ఇది జావాను తయారుచేసినవారి చమత్కారం! ఆ వెంటనే ఆ ఫైలు ఏ వెర్షనుకు తయారైందో చెప్పే సంఖ్య ఉంటుంది. జావా 8కి ఆ సంఖ్య 52. జావా 11కి 55. జావా 17కి 61. సూత్రం కనిపెట్టారా? జావా వెర్షనుకు 44 కూడితే ఆ సంఖ్య వస్తుంది.

ఇప్పుడొక సన్నివేశం ఊహించండి. ఒక ప్రోగ్రామును జావా 11 కంపైలర్‌తో తయారు చేశారు. దాన్ని పెన్ డ్రైవులో వేసుకుని బడికి తెచ్చారు. బడి కంప్యూటరులో జావా 8 ఉంది. నడపబోతే ఎర్రర్ వస్తుంది. ఆ ఎర్రర్ సారాంశం ఇది: "ఈ ఫైలు వెర్షన్ 55. నాకు 52 వరకే తెలుసు." ప్రోగ్రాములో ఒక్క అక్షరం తప్పు లేదు! కాని ఆ వాక్యాన్ని చదవనివారు ఏం చేస్తారు? ప్రోగ్రాములో లేని తప్పు కోసం వెదుకుతూ కూర్చుంటారు. బాగున్న పంక్తులను కెలికి నిజంగానే పాడుచేస్తారు. చదివినవారు 55లోంచి 44 తీసివేసి 11 అనీ, 52లోంచి 44 తీసివేసి 8 అనీ తెలుసుకుంటారు. బడి కంప్యూటరులో జావా 11 పెట్టడమో, ఇంటి దగ్గర "జావా 8కి తగినట్టు తయారుచెయ్యి" అని కంపైలర్‌ను కోరి మళ్ళీ బిల్డ్ చేయడమో చేస్తారు. చిక్కు విడిపోతుంది.

ఇక్కడ ఇంకో విశేషముంది. జావా 8కి తయారైన ఫైలును జావా 11 చదవగలదు. ఎందుకంటే గడచినదాన్ని కొత్తది నేర్చుకోవచ్చు. కాని రాబోయేదాన్ని పాతది ముందుగా ఎలా నేర్చుకుంటుంది? అందుకే ఈ జత చాలాసార్లు ఒకవైపే కుదురుతుంది.

కొన్ని చుట్లు తిరిగి బిగుసుకునేవి

వెర్షన్ల తగవు అన్నిసార్లూ మొదటి అడుగులోనే బయటపడదు. దీన్ని అర్థం చేసుకోవడానికి ఒక బోల్టు కథ వినండి.

ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీరు 1841లో బోల్టుల మరలకు ఒక ప్రమాణం ప్రతిపాదించాడు. దాని ప్రకారం అరంగుళం బోల్టుకు అంగుళం పొడవులో 12 మరలుంటాయి. మర కోణం 55 డిగ్రీలు. అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో మరో ప్రమాణం తెచ్చాడు. ఆ పద్ధతిలో అరంగుళం బోల్టుకు అంగుళానికి 13 మరలు, కోణం 60 డిగ్రీలు. రెండు బోల్టులూ చూడడానికి ఒక్కలాగే ఉంటాయి. ఒకదాని నట్టు రెండవదానికి ఎక్కుతుంది కూడా. అయితే కొన్ని చుట్లు తిరిగాక బిగుసుకుపోతుంది. బలవంతం చేస్తే రెండింటి మరలూ పోతాయి. రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటను, అమెరికా, కెనడా సైన్యాలు ఒకరి సామగ్రిని ఒకరు మరమ్మతు చేయబోయి ఈ ఇబ్బందిని చవిచూశాయి. చివరికి 1948 నవంబరులో మూడు దేశాలూ కూర్చుని ఒకే మరకు ఒప్పుకున్నాయి.

లైబ్రరీలలో ఇలాంటివి ఎన్నో జరుగుతాయి. పేరు అదే. బిల్డ్ మొదలై సగందాకా సాగుతుంది. ఆ తరువాత "మీరు అడిగిన ఫంక్షన్ నా దగ్గర లేదు" అంటుంది లైబ్రరీ. పాత వెర్షనులో ఉన్నదాన్ని కొత్త వెర్షనులో తొలగించి ఉంటారు. లేదా కొత్త వెర్షనులో చేర్చినది మీ దగ్గరున్న పాత వెర్షనులో ఉండదు.

చెప్పకుండా మోసం చేసేవి

ఎర్రర్ ఇచ్చి ఆగిపోయే యంత్రం నిజానికి మన మిత్రుడే. ఏ ఎర్రరూ ఇవ్వకుండా తప్పు జవాబు చెప్పే యంత్రంతోనే ప్రమాదం. దీనికి పైథాన్ భాషను చూద్దాం.

గైడో వాన్ రోసమ్ అనే డచ్చి దేశస్థుడు తయారుచేసిన పైథాన్ మొదటిసారి 1991లో బయటికి వచ్చింది. 2000లో రెండవ వెర్షన్ వచ్చింది. 2008 డిసెంబరు 3న మూడవ వెర్షన్ విడుదలైంది. పాత లోపాలను సవరించడానికి దీన్ని తెలిసితెలిసే పాతదానితో పొసగకుండా మార్చారు. రెండూ చాలాకాలం పక్కపక్కనే నడిచాయి. 2020 జనవరి 1తో రెండవ వెర్షనుకు సవరణలు ఇవ్వడం ఆపేశారు. కాని దాన్ని బోధించే పుస్తకాలు అటకల మీద ఇంకా ఉన్నాయి కదా!

మొదటి తేడా అందరికీ తెలిసినదే. తెర మీద ఏదైనా చూపించడానికి వాడే 'ప్రింట్' అనే ఆదేశం తరువాత రెండవ వెర్షనులో కుండలీకరణాలు అవసరం లేదు. మూడవ వెర్షనులో తప్పనిసరి. పాత పుస్తకంలోని మొట్టమొదటి ప్రోగ్రామును ఉన్నదున్నట్టు కొత్త కంప్యూటరులో టైపు చేస్తే మొదటి పంక్తిలోనే ఎర్రర్ వస్తుంది. ఇది నయం. తప్పు వెంటనే తెలిసింది.

రెండవ తేడా చూడండి. మూడు రోజుల ఉష్ణోగ్రతలు 38, 39, 39 డిగ్రీలు. మొత్తం 116. దీన్ని 3తో భాగించి సగటు కనుక్కోమంటే పైథాన్ 3 సుమారు 38.67 అని చెబుతుంది. పైథాన్ 2 మాత్రం 38 అంటుంది. రెండు పూర్ణసంఖ్యలను భాగిస్తే దశాంశభాగాన్ని వదిలేసి పూర్ణసంఖ్యనే ఇవ్వడం దాని పద్ధతి. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. అదే ప్రోగ్రాము, అవే అంకెలు, జవాబు మాత్రం వేరు!

మూడవ తేడా మన తెలుగుకు సంబంధించినది. 'తెలుగు' అనే మాట పొడవెంత అని పైథాన్ 3ను అడిగితే 6 అంటుంది. పైథాన్ 2లో మామూలు మాటగా రాసి అడిగితే 18 అంటుంది. మనం లెక్కపెడితే మూడే అక్షరాలు! ఏది నిజం? మూడూ నిజమే. మూడవ వెర్షన్ త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని గుర్తులను లెక్కించింది. రెండవ వెర్షన్ ఆ గుర్తులను దాచడానికి పట్టిన బైట్లను లెక్కించింది. యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు కావాలి. ఆరు మూళ్ళు పద్ధెనిమిది. అంతే కాదు, రెండవ వెర్షనుకు ప్రోగ్రాము ఫైలులో తెలుగు అక్షరాలున్నాయని ముందుగా ఒక ప్రత్యేక పంక్తి రాసి చెప్పకపోతే ఎర్రర్ ఇచ్చేది. మూడవ వెర్షనుకు ఆ అవసరం లేదు.

ముందుగా బయటపడని పొంతన లేనితనం ఎంత నష్టం తెస్తుందో ప్రపంచం ఒకసారి కళ్ళారా చూసింది. 1996 జూన్ 4న ఐరోపా దేశాల కొత్త రాకెట్టు ఏరియాన్ 5 మొదటిసారి ఎగిరింది. దాని దిశను లెక్కించే ప్రోగ్రామును పాత రాకెట్టు ఏరియాన్ 4 నుంచి తెచ్చి పెట్టారు. పాతదానిలో అది చక్కగా పనిచేసింది. కాని కొత్త రాకెట్టుకు అడ్డంగా సాగే వేగం ఎక్కువ. ఆ వేగానికి సంబంధించిన ఒక సంఖ్యను 16 బిట్లలో ఇరికించబోతే పట్టలేదు. గుర్తుతో కూడిన 16 బిట్లలో పట్టే పెద్ద సంఖ్య 32,767 మాత్రమే. లెక్క తప్పింది, రాకెట్టు దారి తప్పింది. బయలుదేరిన సుమారు 40 సెకన్లలోనే ఆకాశంలో ముక్కలైపోయింది. పాత ప్రోగ్రాము పాత రాకెట్టుకు మంచిదే. కొత్త రాకెట్టూ మంచిదే. రెండూ కలిసినప్పుడు సరిపోతాయా అని ఎవరూ పరీక్షించలేదు.

వెర్షన్ సంఖ్యను ఎలా చదవాలి?

2018 ఫిబ్రవరిలో మన తెలుగు ప్రపంచమంతటా వార్తలకెక్కింది. 'జ్ఞా' అనే అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన గుర్తుల వరుసతో రాసి పంపితే, దాన్ని చూపించబోయిన ఐఫోన్ యాప్ కూలిపోయేది. తెలుగు అక్షరం ఏం పాపం చేసింది? ఏమీ లేదు. ఆ ఫోన్లలోని ఐఓఎస్ 11.2.5 వెర్షనులో అక్షరాలను పేర్చే భాగంలో లోపముంది. కొద్ది రోజులలోనే 11.2.6 వెర్షన్ ఇచ్చి సరిదిద్దారు. తేడా ఎంత? చివరి అంకెలో ఒకటి! "నా ఫోనులో 11 ఉంది" అంటే చాలదు. చివరి అంకెదాకా చెప్పాలి.

వెర్షన్ సంఖ్యలో సాధారణంగా మూడు భాగాలుంటాయి. మొదటిది మారితే పెద్ద మార్పు, పాతదానితో పొసగకపోవచ్చు. రెండవది మారితే కొత్త సౌకర్యాలు చేరాయి, పాతవి అలాగే ఉండాలి. మూడవది మారితే చిన్న మరమ్మతులు జరిగాయి. ఇది చాలామంది పాటించే మర్యాదే కాని ప్రకృతి నియమం కాదు. పైథాన్ రెండవ భాగం మారినప్పుడు కూడా కొన్ని పాత వసతులు పోతూంటాయి.

ఇంకొక హెచ్చరిక. వెర్షన్ సంఖ్య దశాంశ భిన్నం కాదు సుమా! లెక్కల క్లాసులో 3.10 కన్నా 3.9 పెద్దది. వెర్షన్లలో మాత్రం 3.10 కొత్తది. పైథాన్ 3.9 2020లో వస్తే 3.10 2021లో వచ్చింది. మీ లెక్కల పుస్తకంలో 3.9 అభ్యాసం తరువాత 3.10 అభ్యాసం వస్తుంది కదా, అలాగన్నమాట. మనుషులే కాదు, కొన్ని పనిముట్లు కూడా 3.10ని దశాంశ సంఖ్యగా చదివి, చివరి సున్నాను కొట్టేసి, 3.1 అనుకున్నాయి. దానితో బిల్డులు ఆగిపోయాయి.

అక్షరాలకూ వెర్షన్లుంటాయంటే నమ్ముతారా? ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో తెలుగు 1991లోనే, మొదటి వెర్షనులోనే చేరింది. కాని 'చలి'లోని చ, 'చెలి'లోని చ పలికేటప్పుడు ఒకటి కాదు కదా! మొదటిదాన్ని వేరుగా చూపే ౘ, దాని జతగాడు ౙ యూనికోడ్ 5.1 వెర్షనుతో 2008లో చేరాయి. అంతకుముందు తయారైన అక్షరాల ఫాంటున్న కంప్యూటరుకు ఈ అక్షరం పంపితే ఖాళీ డబ్బా కనిపిస్తుంది. పంపినవారూ తప్పు చేయలేదు, చూసినవారూ తప్పు చేయలేదు.

చిక్కు విప్పే పద్ధతి

ఇక అసలు పనికి వద్దాం. బిల్డ్ ఆగిపోయింది. తెరనిండా ఎర్రర్లు. ఏం చేయాలి? సైన్సు ప్రయోగశాలలో మీరు పాటించే క్రమశిక్షణే ఇక్కడా కావాలి.

మొదటిది, ఎర్రర్‌ను చదవండి. వంద ఎర్రర్లు వచ్చాయంటే వంద తప్పులున్నాయని కాదు. మొదటి లైబ్రరీ దొరకకపోతే దాన్ని వాడిన ప్రతి పంక్తీ ఫిర్యాదు చేస్తుంది. కనుక కంపైలర్ ఇచ్చిన జాబితాలో మొదటి ఎర్రర్‌ను పట్టుకోండి. పైథాన్ అయితే అసలు సంగతి చివరి పంక్తిలో ఉంటుంది. "దొరకలేదు", "తెలియదు", "వెర్షన్", "సరిపోదు" అనే అర్థమిచ్చే మాటలు కనిపిస్తే వెర్షన్ల తగవేమోనని అనుమానించండి.

రెండవది, ప్రతి పనిముట్టునూ "నీ వెర్షన్ ఎంత?" అని అడగండి. అలా అడగడానికి ప్రతిదానికీ ఒక చిన్న ఆదేశం ఉంటుంది. ఊహించవద్దు, అడిగి కాగితం మీద రాసుకోండి.

మూడవది, జవాబు చెప్పినవాడెవడో చూడండి. ఒక క్లాసులో ఇద్దరు శ్రీనివాసులున్నారనుకోండి. మాస్టారు "శ్రీనివాస్!" అని పిలిస్తే ముందు బెంచీలో ఉన్నవాడు లేచి నిలబడతాడు. కంప్యూటరులోనూ ఒకే పనిముట్టు రెండు వెర్షన్లు రెండు ఫోల్డర్లలో ఉండవచ్చు. పేరు పెట్టి పిలిస్తే, వెదకవలసిన ఫోల్డర్ల వరుసలో ఏది ముందుంటే అది పలుకుతుంది. "నిన్ననే కొత్తది పెట్టాను, ఇంకా పాతదే పలుకుతోందేమిటి?" అని తల పట్టుకునేవారికి చాలాసార్లు ఇదే కారణం.

నాలుగవది, కావలసినదేదో తెలుసుకోండి. ప్రోగ్రాముతోపాటు వచ్చే వివరణలో, పుస్తకమైతే ముందుమాటలో, ఏ వెర్షనుతో రాశారో చాలాసార్లు ఉంటుంది. దాన్ని మీ కాగితం మీది సంఖ్యలతో పోల్చండి.

ఐదవది, ఒకసారికి ఒక్కటే మార్చండి. బల్బు వెలగకపోతే బల్బు, తీగ, బ్యాటరీ మూడూ ఒకేసారి మారిస్తే వెలుగు వస్తుంది కాని లోపమెక్కడుందో తెలియదు. ఇక్కడా అంతే. ఒక వెర్షన్ మార్చండి, మళ్ళీ బిల్డ్ చేయండి, ఫలితం రాసుకోండి.

ఆరవది, పరీక్షనాళిక కడగండి. నిన్నటి ప్రయోగంలోని రసాయనం అడుగున మిగిలి ఉంటే నేటి ఫలితం నమ్మదగినది కాదు. పాత కంపైలర్ తయారుచేసిన ముక్కలు ఫోల్డరులో మిగిలి, కొత్తవాటితో కలిసిపోయి కొత్త ఎర్రర్లు తెస్తాయి. మీరు రాసిన మూలప్రోగ్రామును జాగ్రత్త చేసుకుని, బిల్డ్‌లో తయారైన ముక్కలన్నీ తుడిచి మొదటినుంచి బిల్డ్ చేయండి.

ఏడవది, కుదిరిన జతను రికార్డులో రాయండి. ఏ పనిముట్టు, ఏ వెర్షన్, ఏ తేదీ. పెద్ద సంస్థలలోని ప్రోగ్రామర్లు కూడా ఇదే చేస్తారు. వాడిన ప్రతి లైబ్రరీ వెర్షనునూ చివరి అంకెదాకా ఒక ఫైలులో రాసి, ప్రోగ్రాముతోపాటే భద్రపరుస్తారు. అలా చేస్తే ఏడాది తరువాతైనా, మరో ఊళ్ళోనైనా అదే బిల్డ్ మళ్ళీ తయారవుతుంది. ఒకరు చేసిన ప్రయోగాన్ని మరొకరు చేసి అదే ఫలితం పొందగలగడం సైన్సుకు ప్రాణం. బిల్డుకూ అదే ప్రాణం.

తప్పు మీదేనా?

ఇదంతా ఎందుకు ఇంతగా చెప్పవలసి వచ్చిందంటే, వెర్షన్ల తగవు అందరికీ వచ్చేదే అయినా అందరినీ ఒకేలా బాధించదు. కొత్త పుస్తకం, కొత్త కంప్యూటరు, పక్కన అడగడానికి అన్నో అక్కో ఉన్న పిల్లలకు అది పది నిమిషాల పని. మా ఖిల్లా ఘణపూర్ వంటి ఊళ్ళలో సీనియర్లు వదిలిన పుస్తకంతో, ఎవరో ఇచ్చిన పాత కంప్యూటరుతో నేర్చుకునే పిల్లలకే ఈ చిక్కు ఎక్కువగా ఎదురవుతుంది. పుస్తకానిది ఒక కాలం, యంత్రానిది మరో కాలం. పుస్తకంలో ఉన్నదే టైపు చేశాం, ఎర్రర్ వచ్చింది. పుస్తకం అచ్చయినది కనుక తప్పు ఉండదనుకుంటాం. కంప్యూటరు తప్పు చేయదని విన్నాం. ఇక మిగిలింది ఎవరు? నేనే! "నాకు కంప్యూటరు రాదు" అని నోటుపుస్తకం మూసేస్తారు. తొలి పంక్తిలో లేని రెండు కుండలీకరణాలు ఒక పిల్లనో పిల్లవాడినో ఆ చదువుకే దూరం చేయడం ఎంత అన్యాయం!

కనుక విద్యార్థులారా, ఎర్రర్ రాగానే మిమ్మల్ని మీరు నిందించుకోకండి. అలాగని తప్పంతా యంత్రానిదేననీ అనకండి. ముందు సంఖ్యలు అడగండి. మీరు రాసినది నిజంగానే తప్పయితే అదీ బయటపడుతుంది, దిద్దుకోవచ్చు. వెర్షన్లు సరిపోలేదని తేలితే కాగితం మీద రెండు అంకెలు పక్కపక్కన నిలబడి ఆ సంగతి మీకే చెబుతాయి.

మీరే చెప్పండి

1. "ఈ ఫైలు వెర్షన్ 61, నాకు 55 వరకే తెలుసు" అని ఎర్రర్ వచ్చింది. ఏ జావాతో తయారు చేశారు? ఏ జావాతో నడపబోయారు?

2. 3.2, 3.12, 3.9, 3.10. ఈ పైథాన్ వెర్షన్లను పాతదానినుంచి కొత్తదానికి వరుసలో రాయండి.

3. 'వనపర్తి' పొడవును పైథాన్ 3 ఎంత అంటుంది? యూటీఎఫ్-8లో రాస్తే పైథాన్ 2 ఎంత అంటుంది?

జవాబులు: 1. జావా 17తో తయారు చేశారు, జావా 11తో నడపబోయారు. 2. 3.2, 3.9, 3.10, 3.12. 3. వ, న, ప, ర, పొల్లు, త, గుడి కలిసి 7; ఒక్కోదానికి 3 బైట్ల చొప్పున 21.

మూడవ లెక్కను మీ పేరుతో, మీ ఊరి పేరుతో కూడా చేసి చూడండి. ముందు కాగితం మీద లెక్కవేసి, ఆ తరువాతే కంప్యూటరును అడగండి!